అప్‌డేట్: వీహోస్ట్-యూజర్‌కే ఓటేశాను

వర్చువల్ మెషీన్ డిస్క్‌ను ఆ మెషీన్‌ను నడిపే క్యూఈఎంయూ ప్రోగ్రామ్ లోపల కాకుండా వేరే ప్రాసెస్‌లో నడపాలంటే ఆ రెండూ మాట్లాడుకునే ప్రోటోకాల్‌గా వీహోస్ట్-యూజర్ మేలా, వీఎఫ్ఐఓ-యూజర్ మేలా అని అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

రెండూ యూనిక్స్ సాకెట్ (ఒకే మెషీన్‌లోని ప్రాసెస్‌ల మధ్య దారి) మీదే మాట్లాడుకుంటాయి. కానీ వీహోస్ట్-యూజర్‌కి వర్టియో క్యూలు (గెస్ట్, అంటే వర్చువల్ మెషీన్ లోపలి సిస్టమ్, పంపే రిక్వెస్టుల వరుసలు) తప్ప వేరే లోకం తెలియదు. వీఎఫ్ఐఓ-యూజర్ ఏకంగా పీసీఐ పరికరాన్నే (మదర్‌బోర్డుకి తగిలించే కార్డు లాంటిది) చూపిస్తుంది. గెస్ట్‌లో నిజమైన ఎన్‌విఎంఈ (ఎస్‌ఎస్‌డీల ప్రమాణం) డ్రైవరే పనిచేయాలంటే అదే దిక్కు. అయితే రిజిస్టర్లు, ఇంటరప్ట్‌లు అన్నీ మనమే సాఫ్ట్‌వేర్‌లో అనుకరించాలి (ఎమ్యులేట్). మామూలు డిస్క్ కోసం అంత తంటా ఎందుకనిపించింది.

మొదటి రోజు మాత్రం చుక్కలు కనిపించాయి. గెస్ట్ బూట్ మధ్యలో ఆగిపోయేది, ఎర్రర్ ఒక్కటీ లేదు. బ్యాకెండ్‌లో (డిస్క్‌ను నడిపే ఆ వేరే ప్రాసెస్) రింగ్, అంటే ఆ క్యూ ఉండే మెమరీ, చూస్తే అన్నీ సున్నాలే! తీరా చూస్తే గెస్ట్ మెమరీని సెట్ చేసే మెమరీ-బ్యాకెండ్-ఫైల్‌కి ‘షేర్=ఆన్’ (ఆ మెమరీని వేరే ప్రాసెస్‌తో పంచుకో అని చెప్పేది) పెట్టడం మర్చిపోయాను. గెస్ట్ రాసేది దాని సొంత కాపీలోకే పోతోంది, అవతలి ప్రాసెస్‌కి ఏం కనిపిస్తుంది పాపం. ఆ ఒక్క ముక్క చేర్చగానే డిస్క్ వచ్చేసింది.

బ్యాకెండ్ చనిపోయినప్పుడు తిరిగి కలిపే పని ఇంకా మిగిలే ఉంది.