ఈ వారం సమస్య: పందికొక్కు సీమ పలుకు నేర్చె

నిర్వాహకుడు: పోర్టు వైపు ఓ గోడౌన్ పక్కన కుక్కపిల్లంత పందికొక్కు ఎదురైంది, ఇంటికొచ్చేలోపు పై పాదం తయారు. ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి, కానివ్వండి.

ఉక్కునగరం మాస్టారు:
తెలుగు గాదెలందు తిరిగిన పేరిది
ఓడ లెక్కి దొరల యూళ్ళు చేరి
కోశమందు దూరి కూర్చుండె నింపుగా
పందికొక్కు సీమ పలుకు నేర్చె

ఇంగ్లీషువాళ్ళ బాండికూట్ అనే మాట మన పందికొక్కేనని 1886లోనే హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు రాసింది. ఆ పేరుని తెల్లోళ్ళు ఆస్ట్రేలియా పట్టుకెళ్ళి, మన కొక్కుతో ఏ చుట్టరికమూ లేని ఓ సంచి జంతువుకి కూడా తగిలించారు.

పెదవాల్తేరు బావ: ఊహ బాగుంది మాస్టారూ, ఒప్పుకోక తప్పదు. కానీ కోశంలో కూర్చుంటే కూర్చుంది, "ఇంపుగా" ఎందుకండీ? గణం నిండటానికేగా! పైగా అసలు మాట బాండికూట్ పద్యంలో లేదు, కింద వచనంలో చెప్పుకోవాల్సొచ్చింది. "కోశమందు బాండికూటయి కూర్చుండి" అంటే యతీ చెడదు, గుట్టూ విడిపోతుంది. ఇక నాది, సీమంటే ఇంగ్లండేనని ఎవరన్నారు?

హాస్టలందు మేసి యావులించెడివాడు
గాజువాక వాడు కడపకేగి
నాటు యాస పట్టి నవ్వించె మమ్ముల
పందికొక్కు సీమ పలుకు నేర్చె

సింహాచలం సంపెంగ: హహ్హ, రాయలసీమ! విరుపంటే ఇదీ. "వాడు" మొదటి పాదంలో ఒకటి, రెండో పాదంలో ఇంకొకటి, ఇద్దరు కుర్రాళ్ళేమో అనుకున్నాను.

ఉక్కునగరం మాస్టారు: "కూటయి" బాగుంది, తీసుకుంటాను. హా–యా యతి శాస్త్రానికి సరే గానీ చెవికి ఆనలేదు బావగారూ. అయినా గిడ్డంగే గోడౌన్ అయిందని కిందటిసారి నేను పద్యం రాస్తే, "మలయ్ మాటని మనదంటారేం" అని రెండ్రోజులు నన్ను ఉతికారుగా, మరి పందికొక్కుకి అడ్డు చెప్పలేదే?

పెదవాల్తేరు బావ: దీనికి సాక్ష్యం తిరుగులేనిది మాస్టారూ. గోడౌన్ ఇంగ్లీషులోకి వచ్చింది మలయ్ "గుదాంగ్" నుంచి, మధ్యలో పోర్చుగీసుల చెయ్యి ఉందంటారు. ఆ గుదాంగ్‌కి మూలం మన గిడ్డంగా, తమిళుల కిడంగా అన్నది తేలలేదు. తేలనిదాన్ని మీరు నాలుగు పాదాల్లో తేల్చేశారు, అదీ మూడో పాదంలో ఓ లఘువు మింగేసి.

ఉక్కునగరం మాస్టారు: లఘువు మింగింది టైపింగులో!

సింహాచలం సంపెంగ: పందికొక్కు శాస్త్రనామం బాండికోటా అట, అంటే లాటినూ నేర్చేసింది. దాని మీద ఎవరూ రాయరేం?

నిర్వాహకుడు: గోడౌన్ తగువు పాత సమస్య కిందకి తీసుకెళ్ళండి బాబూ. ఇక్కడ పద్యాలే.