త్రాని రేవులో చర్చిగా మారిన సినగాగు: ఎవరైనా చూశారా?

ఖాళీపూట: పనిమీద ఇటలీలోని బారి వెళ్తున్నా. పక్కన త్రానిలో యూదుల పాత సినగాగు (ప్రార్థనా మందిరం) చర్చి అయి, ఇప్పుడు మ్యూజియం అయిందట. సగం రోజు పెట్టొచ్చా?

బారి_బాబాయ్: పెట్టొచ్చు, రైల్లో గంట కూడా పట్టదు. కాకపోతే అక్కడున్నవి రెండు. నేను కలిపేసుకుని, తాళమేసిన తలుపు చూసి తిరిగొచ్చా. మ్యూజియం అయింది స్కోలా గ్రాండె, అంటే సాంతాన్నా చర్చి. రెండోది స్కోలానోవా.

రాళ్లపిచ్చి: సాంతాన్నాలో గోడమీది హీబ్రూ ఫలకం దగ్గర ఆగండి. కట్టిన ఏడాది యూదుల లెక్కలో 5007, మనకు 1247. అందులో రాసింది: ఎత్తైన గుమ్మటం, ఆకాశంకేసి తెరుచుకునే కిటికీ, కొత్త తలుపులు, పరిచిన నేల, కూర్చునే ఆసనాలు... మేస్త్రీ పని అప్పగిస్తున్నట్టే ఉంటుంది. కట్టించింది రాజు కాదు, కొందరు స్నేహితులు కలిసి. తలెత్తితే గుమ్మటం అక్కడే ఉంది. నాకు కదలబుద్ధి కాలేదు.

పద్మజ_గుంటూరు: సినగాగంటే మన బైబిల్లో సమాజమందిరమే కదండీ? మరి ఎందుకు చర్చి చేశారు?

బారి_బాబాయ్: అవునమ్మా, అదే. జెరూసలేం వెళ్లే యాత్రికులు ఓడెక్కే రేవు ఇది. 12వ శతాబ్దంలో వచ్చిన తుదేలా బెంజమిన్ అనే యూదు యాత్రికుడు ఇక్కడ 200 మంది యూదులున్నారని రాశాడు. రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి నీడలో బాగానే బతికారు. తర్వాత ఫ్రాన్స్ నుంచి ఆంజూ వంశపు రాజులొచ్చారు, 13వ శతాబ్దం చివర్లో బలవంతపు మతమార్పిళ్లు. సినగాగులన్నీ చర్చిలైపోయాయి. 1541లో నేపుల్స్ రాజ్యం నుంచే యూదుల్ని వెళ్లగొట్టారు. మనుషులే లేకపోతే గుడి ఎవరికి?

రాళ్లపిచ్చి: స్కోలానోవా కథే నాకు ఇంకా వింత. ఈ శతాబ్దంలో దాన్ని యూదులకు తిరిగిచ్చారు, ఇప్పుడు మళ్లీ ప్రార్థనలు. కానీ కప్పుమీద చర్చి గంటగోడ (గంట వేలాడదీసే గోడ) అలాగే ఉంది! లోపల మరియమ్మ చిత్రాన్ని తీయకుండా కప్పి ఉంచారు. కొందరికి ఇది రాజీ అనిపిస్తుందేమో, నాకైతే పద్ధతిగానే తోచింది. పీకేస్తే మధ్యలో గడిచిన వందల ఏళ్లు ఎక్కడికి పోతాయి?

పద్మజ_గుంటూరు: వీధుల పేర్లయినా మిగిలాయా?

బారి_బాబాయ్: మిగిలాయి. వియా లా జుదేయా, వియా సినగోగా. బోర్డులు చూసుకుంటూ నడిస్తే మ్యాప్ అక్కర్లేదు. స్కోలానోవాకి శనివారం మాత్రం కనుక్కోకుండా వెళ్లకండి, సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం.

ఖాళీపూట: నాకు దొరికింది ఆ శనివారమే 😅 సరే, ముందు ఫలకం. స్కోలానోవా బయటి నుంచే, గంటగోడతో సహా.