కథ రాశాను, స్క్రీన్‌ప్లే చేయడం ఎలా?

ముక్తేశ్వరం కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా ఊరికీ కోటిపల్లికీ మధ్య గోదావరి దాటించే పంటు పడవ మీద తండ్రీకొడుకుల కథ రాసుకున్నాను. చదివితే బాగుంది, సినిమాలా మాత్రం కనపడట్లేదు. "కొడుక్కి నాన్నంటే కోపం" అని రాస్తే తెర మీద ఏం చూపిస్తారు? ఫార్మాట్ కూడా తెలీదు. కోర్సులో చేరే స్తోమత లేదు.

రామచంద్రపురం మాస్టారు:
తమ్ముడూ, కోపాన్ని పనిలో పెట్టు. తండ్రి క్యారేజీ పట్టుకుని రేవులో పరిగెత్తుకొస్తుంటాడు. కొడుకు చూస్తాడు. చూసి కూడా పంటు తాడు విప్పేస్తాడు. ఒక్క డైలాగు అక్కర్లేదు, చూసేవాడికి అంతా తెలిసిపోతుంది. నీ కథలో "అనుకున్నాడు", "బాధపడ్డాడు" ఉన్న ప్రతిచోటా ఇలా ఓ పని వెతుకు. నాకైతే స్క్రీన్‌ప్లేలో అసలు కష్టం, అసలు ఆనందం ఇక్కడే.

ఫార్మాట్‌కి టెన్షన్ పడకు. మన దగ్గర చాలామంది పేజీని నిలువుగా రెండు చేసి ఎడమవైపు యాక్షన్, కుడివైపు డైలాగు రాస్తారు. హాలీవుడ్ పద్ధతిలో ప్రతి సీనుకీ పైన "లోపలా బయటా, ఏ చోటు, పగలా రాత్రా" అన్నది రాసి మొదలుపెడతారు. అందులో ఒక పేజీ తెర మీద సుమారు 1 నిమిషం అని లెక్క. తెలుగులో అది సరిగ్గా కుదరదు, గడియారం పెట్టుకుని పైకి చదువుకో.

రాజోలు అక్క:
ఇంటర్వెల్ ఎక్కడ పడాలో ముందే అనుకో తమ్ముడూ. అక్కడ కొడుకు వెనక్కి తగ్గలేని పని ఏదో చెయ్యాలి.

ముక్తేశ్వరం కుర్రాడు:
మాస్టారూ, అక్కా, చాలా థాంక్స్. తాడు సీను ఈ రాత్రే రాస్తాను. ఇక్కడ పెడితే చదువుతారా?