బడిలో జ్వరం వస్తే టీచర్ మందు వేయాలా, వద్దా?

సిరి_అమ్మ: మా పాప మూడో తరగతి. నిన్న పదకొండింటికి బడి నుంచి ఫోన్, "జ్వరంగా ఉంది, వచ్చి తీసుకెళ్లండి" అని. ఆఫీసు నుంచి గంటన్నర దారి. నేను వెళ్లేసరికి బ్యాగు తలకింద పెట్టుకుని స్టాఫ్ రూమ్ బెంచీ మీద ముడుచుకుని పడుకుంది. ఒళ్లు కాలిపోతోంది. ఆ బ్యాగులోనే పారాసిటమాల్ సిరప్ ఉంది. "మేం మందులు వేయం మేడం, రూలు" అన్నారు. ఐదు మి.లీ. సిరప్ పట్టడానికి రూలు అడ్డమా?

లెక్కల_మాస్టారు: పాపకు ఇప్పుడెలా ఉందమ్మా? నేను పదహారేళ్లుగా ప్రైవేటు బళ్లో చెప్తున్నాను. ఓసారి కడుపునొప్పి అన్న పిల్లాడికి మాత్ర ఇచ్చాను. ఇంటికెళ్లి వాంతులు చేసుకున్నాడు. మర్నాడు వాళ్ల నాన్న, ఇద్దరు బాబాయిలు వచ్చి నన్ను ప్రిన్సిపల్ గదిలో నిలబెట్టి అరిచారు. మేనేజ్‌మెంట్ నా తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. అప్పటి నుంచి ఎవరికీ మాత్ర ఇవ్వను.

మందులషాపు: "ఐదు మి.లీ." అనకండి. ఏ సిరప్? 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండేదీ ఉంది, 250 ఉండేదీ ఉంది. డోసు బరువును బట్టి.

సిరి_అమ్మ: 250ది. పాప 22 కిలోలు. సీసా మీద రాసే పెట్టాను.

మందులషాపు: అంతకుముందు ఎప్పుడు వేశారో కూడా రాశారా? కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి.

పల్లెటూరోడు: మావాడు ఆటల్లో పడితే మోకాలికి చాక్‌పీసు పొడి అద్ది పంపారు.

బన్నీ_వాళ్లమ్మ: నా కొడుక్కి టైప్ 1 షుగర్. రోజూ మధ్యాహ్నం నేనే వెళ్లి ఇన్సులిన్ వేసి వస్తాను. షుగర్ 70 కంటే కిందికి పడితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇలాంటి పిల్లలు పరీక్ష హాల్లోకి చాక్లెట్, పండు తెచ్చుకోవచ్చని సీబీఎస్ఈ 2017లోనే చెప్పింది. మా బళ్లో "క్లాసులో తినకూడదు" అని జేబులో గ్లూకోజ్ లాక్కున్నారు. ఆ రోజు వాడు రాసిన నోట్సు దాచాను. అక్షరాలు గీత దాటి కిందికి జారిపోయాయి.

లెక్కల_మాస్టారు: అది ఘోరం. కానీ మీరు ముందే చెప్పారు. చెప్పనివాళ్లతోనే మాకు భయం. సీటు ఇవ్వరేమోనని ఫారంలో ఫిట్స్ సంగతి దాచారు ఒకరు. పిల్లాడు ప్రార్థనలో పడిపోతే అందరూ తాళాలు చేతిలో పెట్టారు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలని నాకూ తెలియదు అప్పుడు. సిరి అమ్మగారూ, పొద్దున జ్వరం లేకపోతే బ్యాగులో సిరప్ ఎందుకు పెట్టారు?

సిరి_అమ్మ: ఉంది. ఏడింటికి 100 ఉంది. సిరప్ పట్టి పంపాను. ఈ నెల లీవులు అయిపోయాయి, ఇంకోటి పెడితే జీతం కోత. ఇంట్లో చూసేవాళ్లు లేరు. నన్ను దోషిని చేసి మాట్లాడకండి.

లెక్కల_మాస్టారు: ఆ ముక్క డైరీలో రాయాలి కదమ్మా. తెలియకుండా ఎలా వేస్తాం? పక్కన నలభై మంది పిల్లలున్నారు.

సిరి_అమ్మ: రాస్తే గేటు దగ్గరే వెనక్కి పంపుతారు!

బన్నీ_వాళ్లమ్మ: మాస్టారూ, నిజం రాస్తే వెనక్కి పంపబోమని మీ బడి మాటిస్తుందా?

లెక్కల_మాస్టారు: ఆ మాట నేను ఇవ్వలేనమ్మా. నర్సును పెట్టమని రెండేళ్లుగా అడుగుతున్నాం.

మందులషాపు: పాపకు ఇప్పుడెంత ఉంది?

సిరి_అమ్మ: 99. ఇప్పుడే కాస్త చారన్నం తిని పడుకుంది.