అప్‌డేట్: పోస్ట్‌గ్రెస్ టేబుల్‌ను క్యూగా వాడినప్పుడు ఒకే సందేశం రెండు వర్కర్లకు వెళ్లడం (పరిష్కారమైంది)

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోని ఒకే టేబుల్ నుంచి పలు వర్కర్లు (సందేశాలను ప్రాసెస్ చేసే ప్రోగ్రామ్‌లు) సందేశాలు తీసుకుంటుంటే కొన్ని రెండుసార్లు ప్రాసెస్ అవుతున్నాయనీ, క్వెరీకి ఫర్ అప్‌డేట్ (ఎంచుకున్న రోను, అంటే టేబుల్‌లోని వరుసను, లాక్ చేసే భాగం) జోడిస్తే వర్కర్లన్నీ ఒకే రో దగ్గర ఆగిపోతున్నాయనీ, క్యూ కూడా క్రమంగా నెమ్మదిస్తోందనీ ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

పనిచేసింది స్కిప్ లాక్‌డ్ సూచన. పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి ఉన్న ఈ సదుపాయాన్ని ఫర్ అప్‌డేట్ తర్వాత చేర్చితే, వేరొక క్లయింట్ లాక్ చేసిన రోల కోసం వేచి ఉండకుండా, క్వెరీ వాటిని దాటేసి తర్వాతి దాన్ని తీసుకుంటుంది. పని పూర్తయ్యాక అదే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిసి అమలయ్యే లేదా అన్నీ రద్దయ్యే మార్పుల సమూహం) రోను తొలగించి కమిట్ చేస్తున్నాము కనుక, మధ్యలో వర్కర్ కూలిపోతే రోల్‌బ్యాక్ (మార్పుల రద్దు) జరిగి సందేశం తిరిగి క్యూలో కనిపిస్తుంది. అయితే ఆ పనిలో భాగంగా అప్పటికే బయటకు వెళ్లిన ఎస్సెమ్మెస్ వెనక్కి రాదు కాబట్టి, నకిలీలను గుర్తించే ఏర్పాటు ఇంకా అవసరమే. సందేశాలు కచ్చితమైన వరుసలోనే పూర్తికావాలనుకునే వారికి ఈ పద్ధతి సరిపడదు.

క్యూ క్రమంగా నెమ్మదించడానికి కారణం వేరు. గంటల తరబడి తెరిచి ఉంటున్న ఒక రిపోర్టు ట్రాన్సాక్షన్ వల్ల, తొలగించిన రోలను వాక్యూమ్ (పనికిరాని పాత రోలను తీసేసే పోస్ట్‌గ్రెస్ ప్రక్రియ) శుభ్రం చేయలేకపోతోందని మా డీబీఏ (డేటాబేస్ నిర్వాహకులు) కనుగొన్నారు. ఆ రిపోర్టును రెప్లికాకు, అంటే ప్రధాన సర్వర్ (ప్రైమరీ) నకలుకు, మార్చాము (అక్కడ నడిచే క్వెరీల గురించి ప్రైమరీకి తెలిపే హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ ఆన్‌లో ఉంటే సమస్య మళ్లీ ప్రైమరీకే చేరుతుంది).

కనెక్షన్ పూల్ (తెరిచి ఉంచి పంచుకునే డేటాబేస్ కనెక్షన్ల సముదాయం) పరిమాణానికి ఈ సమస్యలతో సంబంధం లేదని తేలింది. లిజన్, నోటిఫై (కొత్త సందేశం వచ్చిందని వర్కర్లకు తెలిపే పోస్ట్‌గ్రెస్ ఆదేశాలు) వల్ల పోలింగ్ (టేబుల్‌ను పదేపదే చూడటం) తగ్గింది కానీ, ఆ క్షణంలో కనెక్షన్ తెగి ఉన్న వర్కర్‌కు నోటిఫికేషన్ అందదు కనుక, పోలింగ్‌ను పూర్తిగా తీసేయలేదు.