ఇంటి పచ్చికకు రోజూ నీళ్ళు పెట్టాలా, కొన్ని రోజులకు ఒకసారి పెట్టాలా?

ప్రశ్న

నమస్కారం. మా ఇంటి ముందు సుమారు 50 చదరపు మీటర్ల స్థలంలో గరిక పచ్చిక ఉంది. వేసి ఏడాది దాటింది. ప్రతిరోజూ చీకటి పడే వేళకు పైపుతో 10 నిమిషాలు తడుపుతున్నాము. ఆ పైపు కింద 15 లీటర్ల బకెట్ నిండడానికి ఒక నిమిషం పడుతుంది. అయినా ఎండ ముదిరేసరికి గడ్డి కళ తప్పుతోంది, అక్కడక్కడ పసుపు మచ్చలు కూడా కనిపిస్తున్నాయి. మట్టిని వేలితో కెలికి చూస్తే పైన తడిగానే ఉంటోంది కానీ, రెండు అంగుళాల కిందికి దిగేసరికి పొడిమట్టి తగులుతోంది. ఇంట్లోవారు ఉదయం కూడా మరొకసారి తడపమంటున్నారు. ఎప్పుడు, ఎన్ని రోజులకు ఒకసారి, ఎంత నీరు ఇవ్వాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.

మొదటి సమాధానం

మీరు బకెట్ లెక్క ఇవ్వడం చాలా మేలు చేసింది. చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు పోస్తే అది ఒక మిల్లీమీటరు వానతో సమానం. నిమిషానికి 15 లీటర్ల చొప్పున 10 నిమిషాలకు 150 లీటర్లు పడుతున్నాయి. వాటిని 50 చదరపు మీటర్లకు పంచితే రోజుకు 3 మిల్లీమీటర్లు, వారానికి 21 మిల్లీమీటర్లు అవుతుంది. ఎదుగుదల కాలంలో పచ్చికకు వానతో కలిపి వారానికి సుమారు 25 మిల్లీమీటర్లు చాలునన్నది సాధారణంగా పాటించే లెక్క. అంటే మీరు ఇస్తున్న మొత్తం నీటిలో పెద్ద లోటు లేదు. దానిని ఏడు పలుచని తడులుగా పంచడం వల్ల ఏ తడీ లోపలికి దిగడం లేదు; పై పొరను తడిపిన నీటిలో చాలా భాగం మర్నాటి ఎండకే ఆవిరైపోతోంది. వేళ్ళు తడి ఉన్నచోటనే ఉంటాయి కనుక అవి కూడా పైపైనే అల్లుకుని, కాస్త ఎండ తగలగానే గడ్డి బెట్టకు వస్తోంది. ఉదయం మరో 10 నిమిషాలు తడిపితే నీటి ఖర్చు రెట్టింపవుతుందే తప్ప ఈ తీరు మారదు.

అదే నీటిని వారానికి ఒకటి రెండు తడులుగా ఇవ్వండి. మధ్యరకం నేలలో 25 మిల్లీమీటర్ల నీరు సుమారు 15 సెంటీమీటర్ల లోతుకు దిగుతుంది. మీ 50 చదరపు మీటర్లకు అది 1,250 లీటర్లు; మీ పైపుతో అన్ని నీళ్ళు పెట్టడానికి గంటా ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది కాబట్టి చేత్తో పట్టుకుని నిలబడే పని కాదు, స్ప్రింక్లర్ పెట్టుకోవడం మంచిది. ఇసుకనేల అయితే నీటిని ఎక్కువ నిలుపుకోలేదు, దానికి రెండు తడులు తప్పవు. అయితే ఈ మార్పును ఒక్కసారిగా చేయవద్దని నా గట్టి సలహా. ఇప్పుడున్న వేళ్ళు పైపైన ఉన్నవే. ముందు రెండు రోజులకు ఒకసారి, తర్వాత మూడు రోజులకు ఒకసారి అంటూ విరామాన్ని కొన్ని వారాల్లో పెంచుతూ, ప్రతి తడికీ నీటిని పెంచుతూ పోతే వేళ్ళు కిందికి దిగడానికి వ్యవధి దొరుకుతుంది.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ, వేళ గురించి చెబుతాను. తెల్లవారుజాము నుండి ఎండ ఎక్కేలోపు సమయమే అన్నిటికంటే మంచిది. అప్పుడు గాలి తక్కువగా ఉంటుంది, నీరు ఇంకే వీలుంటుంది, పొద్దెక్కేసరికి ఆకులు ఆరిపోతాయి. మీరు చీకటి పడే వేళకు తడుపుతున్నారు కనుక ఆకులు రాత్రంతా తడిగా ఉంటున్నాయి. శిలీంధ్ర తెగుళ్ళకు అదే అనువైన స్థితి. మీ పసుపు మచ్చలకు అదే కారణమని చూడకుండా చెప్పలేను గానీ, మచ్చల అంచుల్లోని ఆకుల మీద చుక్కలు గానీ, తెల్లవారుజామున బూజు గానీ కనిపిస్తున్నాయేమో గమనించండి. మిట్టమధ్యాహ్నం తడిపితే నీటిబొట్లు భూతద్దాల్లా పనిచేసి గడ్డిని కాల్చేస్తాయని చాలామంది భయపడతారు. అలా జరగదు, ఆ వేళ వద్దనడానికి అసలు కారణం ఆవిరి రూపంలో, గాలికి చెదిరి నీరు వృథా కావడమే.

రోజులు లెక్కపెట్టడం కన్నా గడ్డిని చూసి తడి ఇవ్వడం మేలు. దాహంతో ఉన్న పచ్చిక ఆకుపచ్చదనం తగ్గి బూడిద కలిసిన నీలి ఛాయకు తిరుగుతుంది, ఆకులు నిలువునా ముడుచుకుంటాయి. దాని మీద నడిచి వెనక్కి చూడండి: నీరున్న గడ్డి వెంటనే లేచి నిలబడుతుంది, లేని గడ్డిలో అడుగుల జాడలు అలాగే ఉండిపోతాయి. తడి ఇచ్చిన మర్నాడు పొడవాటి స్క్రూడ్రైవర్‌ను నేలలో గుచ్చితే తడి ఉన్నంత లోతు సులువుగా దిగి, పొడిమట్టి దగ్గర ఆగిపోతుంది. 25 మిల్లీమీటర్ల వాన కురిసిన వారంలో అసలు తడపనక్కరలేదు.

మూడవ సమాధానం

ఈ సలహాలు నాటుకున్న పచ్చికకే వర్తిస్తాయని ఇతర పాఠకుల కోసం గుర్తుచేస్తున్నాను. కొత్తగా విత్తనం చల్లిన చోట పై పొర ఎండకూడదు, అక్కడ మొలకలు వచ్చేదాకా రోజుకు రెండు మూడుసార్లు పలుచగా చిలకరించవలసిందే. కొత్తగా పరిచిన పచ్చిక పలకలకు కూడా వేళ్ళు కింది మట్టిని పట్టుకునేదాకా తరచుగా నీరు కావాలి. మరొక మాట: గడ్డిని మరీ కురచగా కోయకండి, ఒక్క కోతలో ఎత్తులో మూడోవంతుకు మించి తీయకండి. కాస్త ఎత్తుగా ఉన్న గడ్డి నేలకు నీడనిచ్చి తడిని కాపాడుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మాది బంకమన్ను, స్థలం కూడా కాస్త వాలుగా ఉంది. ఎక్కువసేపు పెడితే నీరు ఇంకకుండా నడవ మీదికి పారుతోంది. అలాంటప్పుడు ఒకే తడిలో అంత నీరు ఎలా ఇవ్వాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు

ఒకే తడిని విడతలుగా ఇవ్వండి. నీరు పారడం మొదలవగానే ఆపి, అరగంట నుండి గంటసేపు ఇంకనిచ్చి, మళ్ళీ పెట్టండి. వారపు మొత్తం అదే, ఉదయమూ అదే; మధ్యలో విరామాలు ఇస్తారంతే. నిలువు గోడలున్న ఖాళీ డబ్బాలను వాలు పైభాగాన, కింది భాగాన నాలుగైదు చోట్ల పెట్టి, వాటిలో చేరిన నీటి ఎత్తును స్కేలుతో కొలిస్తే స్ప్రింక్లర్ అన్నిచోట్లా సమానంగా పోస్తున్నదో లేదో తెలుస్తుంది. నడిచి నడిచి అణగారిన చోట్ల తోట ఫోర్కును నిలువుగా గుచ్చి తీస్తూ పోతే నీరు దిగడానికి దారి ఏర్పడుతుంది. ఈ పని నేల కొద్దిగా తడిగా ఉన్నప్పుడే చేయాలి. ఎండిన బంకమన్నులో ఫోర్కు దిగదు, బురదగా ఉన్నప్పుడు చేస్తే నేల మరింత బిగుసుకుంటుంది.