మే ఎండల్లో కటింగ్‌లు కుళ్ళిపోతున్నాయి: వేడి ఎలా తగ్గించాలి? (విశాఖ)

పడమటి_బాల్కనీ:
మధురవాడలో అపార్ట్‌మెంట్, పై ఫ్లోర్, బాల్కనీ పడమర వైపు. మనీప్లాంట్, సింగోనియం కొమ్మలు కోసి, వేళ్ళు రావడానికి నీళ్ళ సీసాల్లో పెట్టాను. కోలియస్, రబ్బరు మొక్క కొమ్మలు కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) గుచ్చి పైన పాలిథిన్ కవర్ కట్టాను. ఏప్రిల్ నుంచీ ఏదీ నిలవడం లేదు. కొమ్మ మొదలు గోధుమరంగుకి తిరిగి జారుడుగా అయిపోతోంది, సీసాలో నీళ్ళు మసకబారి వాసన వస్తున్నాయి. నీళ్ళు రోజూ మధ్యాహ్నం కుళాయి కింద పట్టి మారుస్తున్నాను. వీడియోల్లో హీట్ మ్యాట్ (కుండీల కింద పరిచే, కరెంటుతో వేడెక్కే చాప) వాడమంటున్నారు. కొనాలా? లేక రోహిణి కార్తె వెళ్ళేదాకా ఈ పని మానేయాలా?

కణుపు:
హీట్ మ్యాట్ వద్దండి. గది 15 డిగ్రీలకు పడిపోయే చలి దేశాల వాళ్ళకి అది అవసరం. మీరు చెప్పిన మొక్కలన్నిటికీ వేళ్ళు పడే చోట 22 నుంచి 28 డిగ్రీలు ఉంటే చాలు. మన దగ్గర మేలో రాత్రి కూడా 27, 28 ఉంటుంది. అంటే మీరు వేడి చేయాల్సింది లేదు, తగ్గించాల్సిందే ఉంది.

32 దాటితే రెండు నష్టాలు. వేళ్ళు లేని కొమ్మ తనలో దాచుకున్న చక్కెరతోనే బతకాలి, వేడికి అది తొందరగా ఖర్చయిపోతుంది. రెండోది ఆక్సిజన్. 20 డిగ్రీల నీటిలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది, 30 డిగ్రీల నీటిలో 7.5 మాత్రమే. అదే వేడిలో బాక్టీరియా జోరుగా పెరిగి ఆ ఉన్నదాన్నీ లాగేసుకుంటుంది. మీ సీసాల్లో మసక, వాసన అదే.

కవర్ ఇవాళే తీసేయండి. సముద్రం పక్కనున్న ఊళ్ళో గాలిలోనే కావలసినంత తేమ ఉంది. పడమటి ఎండ తగిలితే కవర్ లోపలి వేడి బయటికన్నా ఎంతో పెరిగిపోతుంది. కోలియస్‌కి పైన రెండు జతల ఆకులు ఉంచి మిగతావి తుంచేస్తే కవర్ లేకుండానే నిలబడుతుంది. రబ్బరు మొక్కకి ఒక్క ఆకు చాలు, దాన్ని గొట్టంలా చుట్టి రబ్బరు బ్యాండ్ వేయండి.

సీతమ్మధార_మిద్దెతోట:
పై మాటలన్నీ సరే కానీ అసలు తప్పు ప్రశ్నలోనే ఉంది: మధ్యాహ్నం కుళాయి నీళ్ళు! పై ఫ్లోర్ అంటే నెత్తిమీదే ట్యాంకు. మేలో మూడు గంటలకి ఆ నీళ్ళలో చెయ్యి పెట్టలేం. అవి పోస్తే కొమ్మ మొదలు ఉడికిపోతుంది. రాత్రి బకెట్‌లో పట్టి గదిలో నేలమీద ఉంచి, పొద్దున్నే ఆ నీళ్ళతో మార్చండి. రోజు విడిచి రోజు చాలు. మార్చినప్పుడు సీసా లోపలి జిగురు కూడా బ్రష్‌తో కడగాలి, లేకపోతే కొత్త నీళ్ళు సాయంత్రానికే పాడవుతాయి. ఐసు ముక్కలు మాత్రం వేయకండి, ఒక్కసారిగా వచ్చే మార్పు కూడా చెరుపే.

థర్మామీటర్ లేకుండా ఇదంతా ఊహే. అక్వేరియం షాపుల్లో వైరు ఉన్న డిజిటల్‌ది దొరుకుతుంది. దాని వైరు చివరని కోకోపీట్‌లో కొమ్మ మొదలు ఉన్నంత లోతుకి, అంటే రెండంగుళాలు దించండి. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూడండి. గాలి వేడి కాదు, అక్కడి అంకె ముఖ్యం. మొక్క నాటే నల్ల నర్సరీ సంచి ఎండలో ఉంటే ఆ అంకె గాలికన్నా చాలా పైన ఉంటుంది. తెల్ల కప్పులు వాడండి, అడుగున నాలుగు చిల్లులు పెట్టండి.

పై ఫ్లోర్ శ్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి వదులుతుంది కాబట్టి షెల్ఫ్ పైఅరలో పెట్టకండి. తూర్పు లేదా ఉత్తరం కిటికీ దగ్గర, నేలమీద, టైల్స్‌కి ఆనించి పెట్టండి.

మట్టికుండ చుట్టూ తడి ఇసుక పోసి చల్లబరిచే పద్ధతి హైదరాబాద్ వాళ్ళకి బాగా పనిచేస్తుంది. 40 డిగ్రీల పొడి ఎండలో, తేమ 20 శాతం ఉంటే, తడి ఆరుతూ ఆ ఇసుక 22 దాకా చల్లబడగలదు. ఇక్కడ 34 డిగ్రీల ఉక్కలో, తేమ 70 శాతం ఉంటే, ఎంత ఆరినా 29 కన్నా కిందకి రాదు. కొంత మేలే, కానీ దాని మీదే ఆధారపడకండి.

పడమటి_బాల్కనీ:
చాలా థాంక్సండి. రాత్రి బెడ్‌రూమ్‌లో ఏసీ 24లో ఉంటుంది. రాత్రి అక్కడ, పగలు బాల్కనీలో పెట్టొచ్చా? కుళ్ళినవి పారేయాల్సిందేనా?

నీడపట్టు:
అలా అటూ ఇటూ తిప్పొద్దండి. 24 నుంచి 36కి రోజూ ఊగడం కంటే నిలకడగా 29 ఉండటమే కొమ్మకి హాయి. ఏసీ గదిలోనే పగలూ ఉంచండి, తలుపు వేసి ఉంటే ఏసీ ఆపినా మెల్లగానే వేడెక్కుతుంది. గాలి నేరుగా తగలకూడదు. ఏసీ గాలి పొడి కాబట్టి కవర్ వాడాలంటే ఆ గదిలో, రాత్రిపూట, వదులుగా వేయండి.

కుళ్ళినవాటిని చేత్తో నొక్కి చూడండి. ఆకులు వాలినా మొదలు గట్టిగా ఉంటే అది దాహం, నీడలోకి మారిస్తే తేరుకుంటుంది. మొదలు మెత్తబడితే గోధుమరంగు దాటి రెండు సెంటీమీటర్లు పైన, స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో కోయండి. కోతలో నడుమ ఇంకా గోధుమ చుక్క కనిపిస్తే మరో కణుపు పైకి వెళ్ళండి. కోతంతా పచ్చగా, శుభ్రంగా ఉండాలి. కొత్త నీళ్ళలో, ఒక్క కణుపే మునిగేలా పెట్టండి. రబ్బరు మొక్క పాలు కారితే ముందు కడిగేయాలి. కోకోపీట్ ఒక్కటే అయితే ఈ వేడిలో బురదలా ఉండిపోతుంది, సగానికి సగం పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తేలికైన తెల్ల గుళికలు) కలపండి, లేదంటే కడిగిన ముతక ఇసుక. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు.

మనీప్లాంట్, సింగోనియం, కోలియస్ ఇప్పుడు ఇలా నడిపించొచ్చు, రెండు వారాల్లో వేళ్ళు కనిపిస్తాయి. రబ్బరు మొక్కకి నెలకి పైనే పడుతుంది, అన్నాళ్ళు ఈ వేడిని కాచుకోవడం కష్టం. దాన్ని మాత్రం మృగశిర వచ్చి వానలు నిలకడగా పడ్డాక కోయండి.